సొంతూళ్లో ముసాఫిర్లు

బక్రీదు, పిల్లల వేసవి సెలవులు కలిసి రావడం తరానికోసారి దొరికే వీలు. చాంద్రమాన సంవత్సరం దాదాపు 11 రోజులు తక్కువ కాబట్టి మన పండుగలు ఏటా అన్ని రోజులు ముందుకు జరుగుతుంటాయి. మొత్తం రుతువులన్నీ చుట్టి రావడానికి ముప్ఫై మూడేళ్లు పడుతుంది. 2019 నుంచి 2022 దాకా రంజాన్ పండుగ మే, జూన్ నెలల్లో వచ్చింది. అయినా 2020లో లాక్‌డౌన్ వల్ల ఈద్ నమాజు కూడా ఇళ్లలోనే చదువుకున్నాం, ఊరి ఊసే లేదు. ఇప్పుడు రంజాన్ పరీక్షల కాలంలోకి వెళ్లిపోయింది. 2025 నుంచి నాలుగేళ్లు ఆ వంతు బక్రీదుది.

అందుకే 2025 జూన్ మొదటి వారంలో పిల్లాపాపలతో కంభం బయలుదేరాం. ఉదయం గుంటూరులో రైలెక్కి నరసరావుపేట, వినుకొండ, దొనకొండ, మార్కాపురం రోడ్ దాటి కంభంలో దిగేసరికి జొహర్ జమాఅత్ అయిపోయింది. ఇంట్లోనే ముసల్లా పరిచాం. ఇంట్లో ఉండేది మా మేనత్త ఒక్కరే. మేము ఫుప్పు అంటాం. మక్తబ్‌లో కొత్తగా మసాయిల్ నేర్చుకుంటున్న మా అబ్బాయి, తక్బీర్ చెప్పబోతుండగా అడిగాడు: “అబ్బా, ఇక్కడ మనం నాలుగు రకాతులు చదవాలా, రెండా?”

వంటింట్లోంచి ఫుప్పు విన్నారు. “మీ తాత కట్టిన ఇంట్లో మీరు ముసాఫిర్లేంట్రా! ఏడాదికోసారి వస్తారు, మూడు రోజులుంటారు. ఇప్పుడు నమాజు కూడా సగమేనా?” అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ ఆ మాట మాకు గుచ్చుకుంది.

ప్రయాణంలో నమాజును కుదించుకునే వెసులుబాటు దివ్య ఖుర్ఆన్‌లోనే ఉంది (అన్నిసా సూరా, 101వ ఆయతు). జొహర్, అసర్, ఇషా ఫర్జ్ నమాజులు నాలుగుకు బదులు రెండు. ఫజర్, మగ్రిబ్‌లలో మార్పు లేదు. మన ప్రాంతంలో ఎక్కువ మంది అనుసరించే హనఫీ ఫిఖహ్ ప్రకారం సుమారు 48 మైళ్లు, అంటే 78 కిలోమీటర్లకు మించి వెళ్లి, అక్కడ 15 రోజులకన్నా తక్కువ ఉండదలచినవాడు ముసాఫిర్. స్థానిక ఇమాము వెనుక చదివితే మాత్రం నాలుగూ పూర్తి చేయాలి. ఇంతవరకు అందరికీ తెలిసిందే. మరి వెళ్లింది పుట్టిన ఊరికైతే?

సాయంత్రం మసీదులో ఇమామ్ సాహెబ్‌ను అడిగాం. ఆయన జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్న వేశారు. “భార్యాబిడ్డలతో మళ్లీ ఇక్కడికొచ్చి ఉండే నియ్యత్ ఉందా?”

మా దగ్గర జవాబు లేదు. గుంటూరులో ఇల్లు కట్టుకున్నాం. ఓటు అక్కడే, రేషన్ కార్డు అక్కడే. అది విని ఆయన మెల్లగా చెప్పారు: మనిషి పుట్టిన ఊరు అతని వతనె అస్లీ. దాన్ని వదిలి, తిరిగొచ్చే ఉద్దేశం లేకుండా మరో ఊళ్లో సంసారంతో స్థిరపడితే ఆ ఊరే వతన్ అవుతుంది. పాత ఊళ్లో అతను ముసాఫిరే. ఆడవాళ్లకు ఇది కొత్త కాదు సుమా. పెళ్లయి దూరప్రాంతానికి వెళ్లి స్థిరపడిన ప్రతి కూతురూ పుట్టింటికి నాలుగు రోజులకు వచ్చినప్పుడు ఈ సగం నమాజే చదువుతోంది. వాళ్ల గురించి మనమెప్పుడు ఆలోచించాం?

మక్కా విజయం నాటి సంగతి గుర్తొచ్చింది. హిజ్రీ 8వ సంవత్సరం (క్రీ.శ. 630). దైవప్రవక్త (స) పుట్టిపెరిగిన ఊరది. అయినా అక్కడ ఉన్నన్ని రోజులూ ఆయన రెండు రకాతులే చదివించారు. మేము ప్రయాణికులం, మీరు పూర్తి చేసుకోండని మక్కావాసులకు చెప్పారు. మీ ఇంట్లోనే దిగుతారా అని హజ్రత్ ఉసామా (రజి) అడిగితే, అఖీల్ మనకు ఇల్లేదైనా మిగిల్చాడా అన్నారట. అబూతాలిబ్ ఆస్తి అఖీల్ చేతికి పోయింది. ఊరంతా చేతికొచ్చిన రోజున కూడా ఆయన దిగడానికి ఆ ఊళ్లో సొంతిల్లు లేదు.

ఇల్లు అన్న మాట దగ్గరే మా మనసు ఆగిపోయింది. ఎందుకంటే ఈసారి మేము వచ్చింది ఒక్క పండక్కే కాదు. ఇంటికి కొనేవాళ్లు వచ్చారు, బేరం తేల్చుకుందామని కూడా వచ్చాం. అమ్మేశాక ఫుప్పును గుంటూరు తీసుకెళ్లి ఓ గది ఇద్దామనుకున్నాం. అది మా మంచితనమనే అనుకున్నాం.

శనివారం ఈద్గాహ్ నుంచి సున్నత్ ప్రకారం వేరే దారిలో, ఖబ్రస్తాన్ మీదుగా తిరిగొచ్చాం. తాత ఖబర్ దగ్గర ఫాతిహా చదువుతూ లెక్క వేసుకున్నాం. దాదీ ఆయనకన్నా ముందే పోయారు. ఆయనకు ఒక కొడుకు, ఒక కూతురు. షరీఅత్ ప్రకారం కొడుక్కి రెండు వంతులు, కూతురికి ఒక వంతు. అంటే ఆ ఇంట్లో మూడోవంతు ఫుప్పుది. కాగితాలు మాత్రం అబ్బా పేరున ఉన్నాయి. “పెళ్లికి పెట్టాం కదా” అని అప్పట్లో పెద్దలన్నారట. జహేజ్ ఇస్తే వరాసత్ తీరిపోతుందని ఏ కితాబులో ఉంది? ఇన్నేళ్లూ ఆమెను మా ఇంటికి కాపలా అనుకున్నాం. ఆ ఊళ్లో నాలుగు రకాతులు చదివేది ఆమె ఒక్కరే, వారసుల్లో హక్కు అందనిదీ ఆమె ఒక్కరే.

ఖుర్బానీ అయ్యాక కువైట్‌లోని తమ్ముడికి ఫోన్ చేశాం. “ముప్ఫై ఏళ్లుగా ఎవరూ అడగని లెక్క ఇప్పుడెందుకన్నా?” అన్నాడు. కాసేపు మాటా మాటా పెరిగింది. డిసెంబరులో వస్తాను, అప్పుడు కూర్చుందాం అన్నాడు చివరికి. బేరం ఆపేశాం. కొనేవాళ్లు బయానా వెనక్కి తీసుకుని కాస్త గొణుక్కుంటూ వెళ్లారు.

ఫుప్పుకు చెబితే ఆమె సంతోషిస్తారనుకున్నాం. ఆమె మాంసం మూడు భాగాలు చేస్తున్నారు. చుట్టాలకు ఒకటి, పేదలకు ఒకటి, ఇంటికి ఒకటి. చేయి ఆపకుండా, “తమ్ముడితో గొడవపడొద్దు. కాగితం మాత్రం రాయించండి” అన్నారు. అంటే లెక్క ఆమెకు మొదటినుంచీ తెలుసు.

ఆదివారం సాయంత్రం బయలుదేరే ముందు అసర్ ఇంట్లోనే చదివాం, రెండు రకాతులే. ఫుప్పు పక్క గదిలో తన నాలుగు పూర్తి చేసుకుని వచ్చి, రొట్టెల మూట అబ్బాయి చేతికిస్తూ అడిగారు.

“వచ్చే ఏడు బక్రీదు ఎప్పుడ్రా?”

“మే నెలాఖర్న, దాదీ.”

“సెలవులే కదా. అయితే పదిహేను రోజులకు తక్కువ కాకుండా రండి.”