ఉప్పునీటి విమానానికి మంచినీటి స్నానం

మాది శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం. మా ఉద్దానం కుర్రాళ్లు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా గల్ఫ్‌కి వెళ్తుంటారు. నేను మాల్దీవుల్లో సీప్లేన్లు బాగుచేసే షెడ్డులో చేరాను. 2024 నవంబర్ 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ఎగిరిందని వార్త రాగానే ఊరి నుంచి ఫోన్లు: "మన బారువ తీరానికి ఎప్పుడొస్తాదిరా?" విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు మన ఎంపీ, టెక్కలి దాపున నిమ్మాడ ఆయన సొంతూరు. ఆశ పుట్టదా మరి!

ఆ రోజు ఎగిరింది కెనడా వాళ్ల ట్విన్ ఆటర్. ఈ రకం విమానం తొలిసారి గాల్లోకి లేచింది 1965లో. చక్రాలతో మట్టి నేల మీద దిగుతుంది, స్కీలు బిగిస్తే అంటార్కిటికా మంచు మీద, ఫ్లోట్లు బిగిస్తే నీళ్ల మీద.

ఫ్లోట్ అంటే లోపల గదులు గదులుగా ఉండే అల్యూమినియం డొల్ల. ఒక గదికి చిల్లు పడినా మిగతావి తేలుస్తాయి. తెల్లారగానే మా మొదటి పని ఒక్కో గది మూత తీసి, చేతిపంపు దించి నీళ్లు లాగడం. రోజూ వచ్చేదానికంటే ఎక్కువ వచ్చిందంటే ఎక్కడో రివిట్ వదులైనట్టే. ఇక ఉప్పు సంగతి నౌపడా వాళ్లకు వేరే చెప్పాలా? అక్కడి ఉప్పుమడుల దగ్గర సైకిలు చెయిన్‌కి ఏ గతి పడుతుందో, ఇక్కడ ప్రతి బోల్టుకూ అదే. సాయంత్రం విమానం ఒళ్లంతా మంచినీళ్లతో కడుగుతాం. ఇంజన్ లోపలికీ శుభ్రమైన నీళ్లు కొట్టి, కంప్రెసర్ రెక్కలకు పట్టిన ఉప్పు వదిలిస్తాం. ఒక్క పూట బద్ధకించినా తుప్పు మొదలవుతుంది.

నేల మీదా నీటి మీదా దిగే రకంలో ఇంకో గండం ఉంది. చక్రాలు దించి ఉంచి నీటి మీద వాలితే ముక్కు మునిగి విమానం పల్టీ కొడుతుంది. అందుకే దిగేముందు పైలట్ చక్రాలు ఎక్కడున్నాయో పైకి చదివి మరీ చూసుకుంటాడు.

గుజరాత్‌లో 2020 అక్టోబర్ 31న సబర్మతి నుంచి కేవడియాకి సీప్లేన్ మొదలైంది. నెల తిరక్కుండానే మెయింటెనెన్స్ కోసం దాన్ని మాల్దీవులకు పంపాల్సి వచ్చింది. మరుసటి ఏడాది సర్వీసే ఆగిపోయింది. నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఇదే. విమానం వచ్చింది, దాన్ని చూసుకునే ఏర్పాటు ఇక్కడ లేదు.

ఇక మా ఊరివాళ్ల ప్రశ్నకు వస్తే, బారువ కెరటాల్లో ఫ్లోట్ విమానం దిగడం కుదరదు. నౌపడా దగ్గర నీళ్లు నిలకడగానే ఉంటాయి గానీ, తేలినీలాపురానికి వచ్చే గూడకొంగల దారిలో విమానం నడపడం పక్షులకూ ప్రమాదమే, ప్రయాణికులకూ ప్రమాదమే. నన్నడిగితే హిరమండలం వంశధార రిజర్వాయరే నయం. విశాలమైన నీళ్లు, అదీ మంచినీళ్లు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపానుకి మా దగ్గర కొబ్బరి చెట్లు పడి దారులన్నీ మూసుకుపోయాయి. గాలి తగ్గాక మందులు తేవడానికి ఇలాంటి విమానం ఒకటి ఉన్నా ఎంత ఆసరా! ఉద్దానంలో జీడితోట, కొబ్బరితోట కొట్టి రన్‌వే వేయనక్కర్లేదు కూడా.

ప్రభుత్వానికి నా మనవి ఒకటే. విమానం కొనేముందు పలాస, టెక్కలి ఐటీఐ కుర్రాళ్లను ఈ పనిలో పెట్టి తర్ఫీదు ఇప్పించండి. మెయింటెనెన్స్ ఇంజనీరు సంతకం లేనిదే ఏ విమానమూ ఎగరదు. ఆ సంతకం పెట్టగల మనుషులు తయారవడానికి ఏళ్లు పడుతుంది.