ప్రోగ్రామే ప్రయాణం చేస్తే తప్పు ఎక్కడ వెతకాలి?

ఏలూరులో ఒక షాపులో ఫోన్‌తో డబ్బు కడతారు. ఖాతాలో కట్ అవుతుంది, షాపుకు మాత్రం చేరదు. తప్పు ఎక్కడ జరిగింది? ఫోన్, బ్యాంకుల సర్వర్లు తలా ఒక ఊళ్లో ఉంటాయి. ఇలా చాలా కంప్యూటర్లు కలిసి నడిపే దాన్ని డిస్ట్రిబ్యూటెడ్ ప్రోగ్రామ్ అంటారు. ప్రతి కంప్యూటరూ తన చిట్టా తానే రాసుకుంటుంది. కానీ వాటి గడియారాలు అచ్చంగా ఒకేలా నడవవు.

కొల్లేరు చేపల లారీనే చూడండి. ఆకివీడులో లోడు ఎత్తిన టైము, కోల్‌కతాలో దించిన టైము వేర్వేరు గడియారాల్లో చూసి రాస్తారు. గడియారం తప్పు చూపించొచ్చు. ఎత్తకుండా దించడం మాత్రం కుదరదు. 1978లో లెస్లీ లాంపోర్ట్ తన వ్యాసంలో ఈ సూత్రాన్నే పట్టుకున్నారు: పంపడం ముందు, అందడం తర్వాత. ఒక్కో కంప్యూటర్‌కు ఒక్కో గీత, ఒక్కో మెసేజ్‌కు గీతల మధ్య ఒక బాణం గీస్తే ఏది ముందో, ఏది వెనకో కంటికి కనబడుతుంది.

ఇక మొబైల్ కోడ్. పేరు చూసి సెల్‌ఫోన్ అనుకోవద్దు. ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు వెళ్లి అక్కడ నడిచే కోడ్ అని అర్థం. వెబ్ పేజీతో పాటు మన ఫోన్‌లోకి వచ్చి నడిచే జావాస్క్రిప్ట్ ఇలాంటిదే. 1990లలో ఐబీఎం టోక్యో పరిశోధనశాల తయారుచేసిన ఆగ్లెట్లు ఇంకో అడుగు ముందుకేశాయి. తమ దగ్గరున్న సమాచారంతో సహా ఒక కంప్యూటర్ వదిలి మరో దానికి వెళ్లి పని కొనసాగించేవి.

చిక్కు ఇక్కడే. అద్దె ఇల్లు మారాక పాత చిరునామాకు ఉత్తరం వచ్చినట్టు, ప్రోగ్రామ్ వెళ్లిపోయాక దానికి మెసేజ్ వస్తుంది. పంపిన కంప్యూటర్ ‘పంపాను’ అంటుంది. పాత కంప్యూటర్ ‘వచ్చింది’ అంటుంది. ప్రోగ్రామ్ ‘నాకు అందలేదు’ అంటుంది. ముగ్గురిదీ నిజమే! విడివిడిగా చిట్టాలు చదివితే తప్పు దొరకదు.

అదే బొమ్మలో ప్రోగ్రామ్ నడిచిన దారిని రంగు గీతతో చూపిస్తే గుట్టు బయటపడుతుంది. రంగు గీత పక్క కంప్యూటర్‌కు దాటిపోయి ఉంటుంది, మెసేజ్ బాణం వచ్చి ఖాళీ చోట గుచ్చుకుంటుంది.

తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ ఉంది, ఏలూరులో ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. కంప్యూటర్ సైన్స్ చదివే మన పిల్లలు ప్రాజెక్టులో చిక్కుపడితే, కోడ్ మార్చేముందు కాగితం మీద మూడు గీతలు గీసి చూడాలి. ఎవరిని తప్పుపట్టాలన్నది తర్వాత, ఏది ముందు జరిగిందో తేలాలి కదా!