ఒక్క స్టిక్కరు, నలభై ఫోన్లు

వాట్సాప్‌లో స్టిక్కరు చేయడానికి అర నిమిషం చాలు. బడి వార్షికోత్సవం ఫొటో తెరిచి ఒక అమ్మాయి ముఖం చుట్టూ వేలితో గీత గీస్తే, వెనకున్న వేదిక, కుర్చీలు, పూలదండలు ఊడిపోయి ముఖం ఒక్కటే మిగులుతుంది. దాని కింద ఒక మాట రాస్తారు. తరగతిలో అందరికీ తెలిసిన మాటే అది, ఎవరో ఎప్పుడో తగిలించిన ఎగతాళి పేరు. గ్రూపులో పడగానే పడీపడీ నవ్వే బొమ్మలు ఐదారు వరసగా వస్తాయి. ఒకరిద్దరు స్టిక్కరును సేవ్ చేసుకుంటారు. ఆ క్షణం నుంచి అది చేసినవాడి చేతిలో లేదు. వాడు భయపడి తన మెసేజీ తీసేసినా, సేవ్ చేసుకున్నవాళ్ల ఫోన్లలో అది ఉండనే ఉంటుంది. రేపు ట్యూషన్ గ్రూపులో తేలుతుంది. నలభై మంది గ్రూపులో చేసింది ఒకడు, నవ్వింది ఆరుగురు, దాచుకుంది ఇద్దరు. ఆ అమ్మాయిని తీసేస్తే మిగిలిన ముప్ఫై మంది చూసి ఊరుకున్నారు.

చట్టం చూపు ముందుగా పడేది ఆ ఒక్కడి మీద. బడి వేధింపుల మీద దశాబ్దాలుగా పనిచేస్తున్న మనస్తత్వ శాస్త్రవేత్తలు మాత్రం ఆ ముప్ఫై మందిని ఎక్కువగా చూస్తారు. పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు రెండు చూపులూ కావాలి. మన బళ్లలో చాలాచోట్ల జరిగేది వేరు. ప్రార్థన సమయంలో ఎవరో ఒకరు మైకు పట్టుకుని సెక్షన్ల నంబర్లు చదువుతారు, జైలుకు పోతారని బెదిరిస్తారు, పిల్లలు చప్పట్లు కొట్టి తరగతులకు పోతారు. ఇది శాస్త్రం ప్రకారమూ తప్పే, చట్టం ప్రకారమూ తప్పే.

ముందు శాస్త్రం సంగతి. బడిలో వేధింపుల మీద పద్ధతిగా పరిశోధన మొదలైంది స్కాండినేవియాలో. పరిశోధకుడు డాన్ ఒల్వేయస్ 1970ల నుంచే దీన్ని అధ్యయనం చేస్తున్నా, 1982 చివర్లో నార్వేలో ముగ్గురు అబ్బాయిలు ప్రాణాలు తీసుకున్న తర్వాతే అక్కడి ప్రభుత్వం కదిలింది. మరుసటి ఏడాది దేశమంతటా బళ్లలో కార్యక్రమం మొదలుపెట్టింది. వేధింపుకు ఒల్వేయస్ చెప్పిన గుర్తులు మూడు: కావాలని చేయడం, పదేపదే చేయడం, ఇద్దరి మధ్య బలంలో తేడా ఉండటం. ఫోను వచ్చి ఈ మూడింటినీ కొంచెం కొంచెం మార్చింది. స్టిక్కరు చేసినవాడు ‘ఒక్కసారే కదా పెట్టాను’ అంటాడు. అది నిజమే. కానీ ఆ ఒక్కసారి పెట్టింది ఎన్ని ఫోన్లలో ఎన్నిసార్లు తెరుచుకుంటే, ఆ అమ్మాయికి అన్నిసార్లు జరిగినట్టు లెక్క. ఇక బలమంటే కండబలమే కానక్కర్లేదు. పేరు దాచుకోగలగడం ఒక బలం, ఎదుటివాళ్ల ఫొటో చేతిలో ఉండటం మరో బలం. పూర్వం బడి గంట కొట్టాక ఇంటికొచ్చి తలుపేసుకుంటే కొన్ని గంటలైనా ఊపిరి పీల్చుకునే వీలుండేది, ఇప్పుడు అదీ లేదు.

గ్రూపులోంచి తీసేయడం, పలకకపోవడం లాంటివి పెద్దవాళ్లకు చిన్న విషయాలుగా కనిపిస్తాయి. కిప్లింగ్ విలియమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒకసారి పార్కులో కుక్కతో కూర్చుని ఉండగా, ఇద్దరు అపరిచితులు ఆడుకుంటున్న ఫ్రిస్బీ దొర్లుకుంటూ ఆయన దగ్గరికి వచ్చింది. ఆయన విసిరి ఇచ్చాడు. వాళ్లు కాసేపు ఆయన్నీ ఆటలో కలుపుకుని, ఉన్నట్టుండి మానేశారు. ముక్కూముఖం తెలియని మనుషులు ఆటలోంచి తీసేస్తే తనకెందుకంత గుచ్చుకుందని ఆయనకు ఆశ్చర్యం వేసింది. అందులోంచి పుట్టిందే ‘సైబర్‌బాల్’ ప్రయోగం. తెరమీద ముగ్గురు బంతి విసురుకుంటారు. కాసేపటికి మిగతా ఇద్దరూ మీకు బంతి ఇవ్వడం మానేస్తారు. అంతే ఆట. 2003లో నయోమీ ఐసెన్‌బర్గర్ బృందం ఈ ఆట ఆడుతున్నవాళ్ల మెదడును స్కాన్ చేసింది. ఒంటి నొప్పి కలిగించే బాధలో పాలుపంచుకునే ఒక ప్రాంతమే ఇక్కడా చురుగ్గా కనిపించింది. ఆ ప్రాంతం నొప్పికి మాత్రమే సంబంధించింది కాదని తర్వాత వాదనలు వచ్చాయి కాబట్టి, ‘మాట పడటం, దెబ్బ తినడం మెదడుకు ఒకటే’ అని తేల్చిపారేయడం తొందరపాటు. ఆటకు సంబంధించిన ఇంకో ఫలితం నాకు అంతకన్నా ముఖ్యంగా తోస్తుంది: ఎదుట ఆడుతున్నది మనుషులు కాదు, కంప్యూటరు అని ముందే చెప్పినా జనం నొచ్చుకున్నారు.

మరి బెదిరింపు ఎందుకు పనిచేయదు? లారెన్స్ స్టీన్‌బర్గ్, మార్గో గార్డ్‌నర్ 2005లో ప్రచురించిన కారు ఆట ప్రయోగంలో కొంత జవాబు దొరుకుతుంది. పచ్చలైటు పసుపు రంగులోకి మారాక ఇంకాస్త ముందుకు పోవాలా, ఆగాలా అన్నది ఆట. ఒంటరిగా ఆడినప్పుడు పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లలకూ పెద్దలకూ పెద్ద తేడా లేదు. పక్కన స్నేహితులు నిలబడి చూస్తుంటే మాత్రం పిల్లల తెగింపు బాగా పెరిగింది, పెద్దల్లో అంత మార్పు రాలేదు. వాట్సాప్ గ్రూపు అంటే స్నేహితులు ఎప్పుడూ పక్కన నిలబడి చూస్తుండే చోటు. స్టిక్కరు పంపే మీట మీద వేలున్న కుర్రాడికి ఆ ఆరు నవ్వులు ఎదురుగా ఉన్నాయి. మైకులో విన్న జైలు శిక్ష ఎక్కడో దూరంగా ఉంది.

చట్టాలు చేసేవాళ్లూ ఈ విషయంలో మొదట్లో తడబడ్డారు. మన ఐటీ చట్టంలో 2009 నుంచి అమల్లోకి వచ్చిన 66ఎ సెక్షన్ ‘తీవ్ర అభ్యంతరకరమైన’, ‘చిరాకు తెప్పించే’ సందేశాలకు మూడేళ్ల జైలు పెట్టింది. చిరాకంటే ఏమిటో, ఎవరి చిరాకో చెప్పలేదు. మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో 2012లో ఒక బంద్ గురించి ఫేస్‌బుక్‌లో రాసినందుకు ఒక యువతిని, దాన్ని లైక్ చేసినందుకు ఇంకో యువతిని అరెస్టు చేశారు. న్యాయశాస్త్ర విద్యార్థిని శ్రేయా సింఘాల్ వేసిన కేసులో, జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ రోహింటన్ నారిమన్‌ల ధర్మాసనం 2015 మార్చి 24న ఆ సెక్షన్‌ను కొట్టేసింది. అదే ఏడాది డిసెంబరులో కెనడాలోని నోవా స్కోషియాలో కూడా ఒక కోర్టు ఇదే పని చేసింది. ఒక బాలిక మరణంతో కదిలి 2013లో ఆ రాష్ట్రం చేసిన సైబర్ భద్రతా చట్టం మరీ విశాలంగా ఉందని, వాక్ స్వాతంత్ర్యానికి అడ్డమని తీర్పు చెప్పింది. దుఃఖంలో, కోపంలో హడావిడిగా రాసిన చట్టాలకు ఈ గతి తరచూ పడుతుంది.

ఇటలీ వాళ్లు దుఃఖంలోంచే మొదలుపెట్టినా నాలుగేళ్లు ఆగి రాశారు. ఉత్తర ఇటలీలోని నొవారాలో 2013 జనవరిలో కరోలీనా అనే 14 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. ఒక విందులో ఒంట్లో బాగాలేని స్థితిలో ఉన్న ఆమెను తోటి పిల్లలు వీడియో తీసి నెట్‌లో పెట్టారు. ఒకప్పుడు ఆమెకు బడిలో సంగీతం నేర్పిన టీచరు ఎలెనా ఫెర్రారా ఆ ఏడాదే సెనేటర్ అయ్యారు. ఆమె పట్టుబట్టి తెచ్చిన బిల్లు 2017లో 71వ నంబరు చట్టమైంది. అందులో కొత్త జైలు శిక్ష ఒక్కటీ లేదు. పద్నాలుగేళ్లు దాటిన పిల్లలు అమ్మానాన్నల ద్వారా పోకుండా తామే వెబ్‌సైటుకు ‘ఇది తీసేయండి’ అని రాయవచ్చు. 48 గంటల్లో తీయకపోతే దేశంలోని వ్యక్తిగత సమాచార రక్షణ సంస్థ రంగంలోకి దిగాలి. ప్రతి బడిలోనూ ఈ విషయం చూసుకునే ఒక టీచరు ఉండాలి. సంగతి తెలియగానే హెడ్మాస్టరు ఇరుపక్షాల తల్లిదండ్రులకూ చెప్పాలి. చేసిన పిల్లవాణ్ణి పోలీసు అధికారి తల్లినో తండ్రినో వెంటపెట్టుకు రమ్మని పిలిపించి హెచ్చరించవచ్చు. మేజరయ్యాక ఆ హెచ్చరిక ప్రభావం పోతుంది. శిక్ష ఎంత కఠినమన్నదాని కంటే, ఎంత త్వరగా, ఎంత కచ్చితంగా ఏదో ఒకటి జరుగుతుందన్నదే నేరాన్ని ఆపుతుందని బెక్కారియా అనే ఇటలీ పండితుడు 1764లోనే రాశాడు. ఆయన దేశంవాళ్లు ఆ మాట గుర్తుంచుకున్నట్టున్నారు.

మన దగ్గర సైబర్ వేధింపు అనే పేరుతో వేరే చట్టం లేదు. ముక్కలుముక్కలుగా చాలా ఉన్నాయి. వేరొకరి పేరుతో ఖాతా తెరిచి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి. మర్మావయవాల ఫొటో అనుమతి లేకుండా తీసినా పంపినా 66ఇ. ఎవరో తెలియకుండా బెదిరిస్తే భారతీయ న్యాయ సంహిత 351, ఆడపిల్లను నెట్‌లో వెంటాడితే 78. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల అశ్లీల చిత్రాలైతే 67బి, దానితోపాటు లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే పోక్సో చట్టం, ఇవి చాలా బరువైనవి. కానీ మొదట చెప్పిన స్టిక్కరు వీటిలో దేనికింద వస్తుంది? ముఖం, ఒక ఎగతాళి పేరు, అంతే. పరువు నష్టం అనవచ్చు, కానీ అది పోలీసులు నేరుగా కేసు కట్టే నేరం కాదు. అంటే బళ్లలో రోజూ జరిగే రకం వేధింపు చట్టం వలలోంచి చాలావరకు జారిపోతుంది. 66ఎ లాంటిది మళ్లీ తెచ్చి దాన్ని పట్టుకోవాలనుకోవడం తప్పు. ఆ పని బడి నియమాలు చేయాలి. సీబీఎస్ఈ 2015లోనే వేధింపుల నిరోధక కమిటీలు వేయమంది. అవి ఎన్ని బళ్లలో కాగితం దాటి వచ్చాయో తల్లిదండ్రులే అడిగి తెలుసుకోవాలి.

తెలుగువాళ్లకు ఈ దారి కొత్త కాదు. 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టంలో నా దృష్టిలో గట్టి భాగం జైలు శిక్ష కాదు, ఫిర్యాదు అందినా పట్టించుకోని సంస్థ అధిపతి నేరానికి తోడ్పడినట్టే లెక్క అన్న నిబంధన. కాలేజీల గోడల మీద బోర్డులు వెలిసింది, సీనియర్లను పిలిచి మాట్లాడటం మొదలైంది అలాంటి జవాబుదారీతనం వల్లేనని అనుకుంటాను.

ఇక జైలు బెదిరింపు. ఇలాంటి వేధింపులకు పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు జైలు ఉండదు. బాలల న్యాయ చట్టం కింద వాళ్లు బాలల న్యాయ మండలి ముందుకు వెళ్తారు. నమూనా నియమాల ప్రకారం, నేరం అతి తీవ్రమైనదైతేనో, పెద్దవాళ్లతో కలిసి చేస్తేనో తప్ప పిల్లల మీద ఎఫ్ఐఆర్ కూడా రాయరు. స్టేషన్ డైరీలో నమోదు చేసి, కుటుంబ పరిస్థితుల నివేదికతో మండలికి పంపుతారు. మండలి మందలించవచ్చు, కౌన్సెలింగ్‌కు పంపవచ్చు, సమాజసేవ చేయించవచ్చు. తొమ్మిదో తరగతి పిల్లవాడికి ఇది ఉన్నదున్నట్టు చెబితే చట్టం మీద గౌరవం పెరుగుతుంది. లేనిది చెప్పి బెదిరిస్తే, ఒక్కసారి నెట్‌లో వెతికి అబద్ధమని తెలుసుకున్నాక మిగతాదీ నమ్మడు.

పాఠం ఎలా ఉండాలన్నదానికి ఫిన్లాండ్ మంచి నమూనా. తుర్కు విశ్వవిద్యాలయంలో క్రిస్టీనా సాల్మివల్లి 1996లోనే వేధింపు చుట్టూ పిల్లల పాత్రలను విడదీసి చూపించింది: చేసేవాడు, తోడుండేవాడు, నవ్వి ఎగదోసేవాడు, పక్కకు తప్పుకునేవాడు, అడ్డుపడేవాడు. ఆ పునాది మీద కట్టిన ‘కివా’ కార్యక్రమం, ఎగదోసేవాళ్లనూ తప్పుకునేవాళ్లనూ కదపడమే పనిగా పెట్టుకుంది. బళ్లను చీటీలు తీసినట్టు రెండు జట్లుగా విడదీసి పోల్చినప్పుడు, కివా జరిగిన బళ్లలో వేధింపులు తగ్గాయి. తెలంగాణ పోలీసుల మహిళా భద్రతా విభాగం ప్రభుత్వ బడుల పిల్లలకే శిక్షణ ఇచ్చి సైబర్ అంబాసిడర్లుగా నిలబెట్టడం ఈ ఆలోచనకు దగ్గరగా ఉంది. తోటివాళ్ల మాట పిల్లలు వినే తీరు వేరు.

తరగతిలో ఆ స్టిక్కరు కథనే ఇచ్చి, ‘నువ్వు ఆ ముప్ఫై మందిలో ఒకడివి, ఏం రాస్తావు?’ అని అడగండి. ‘నేనేం రాయను’ అనే ఎక్కువమంది అంటారు. గ్రూపులో ఎదురు చెప్పే ధైర్యం అందరికీ ఉండదు. పోనీ, ఆ అమ్మాయికి విడిగా ‘అది నాకు నచ్చలేదు’ అని ఒక్క మెసేజీ పెట్టగలవా అని అడిగితే చేతులు లేస్తాయి.

ఆధారాలు దాచడం కూడా నేర్పాల్సిందే. స్క్రీన్‌షాట్ తీసినప్పుడు మన ఫోనులో సేవ్ చేసుకున్న పేరు కాదు, అవతలి నంబరు కనిపించాలి, తేదీ సమయం కనిపించాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో పేరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు గనక ఆ ఖాతా లింకు రాసి ఉంచుకోవాలి. ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త: పిల్లల నగ్నచిత్రం అయితే ‘ఆధారం కోసం’ అని కూడా ఎవరికీ పంపకూడదు, టీచర్ల గ్రూపులో అసలే పెట్టకూడదు. పంపడమే నేరం. పంపే ఉద్దేశంతో దాచుకోవడం కూడా పోక్సో 15 కింద నేరమని 2024లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ ఫోను అలాగే ఉంచి పోలీసులకు చెప్పాలి. పోక్సో నేరం తెలిసీ చెప్పకపోవడం కూడా నేరమే, తన కింద ఉన్నవాళ్లు చేసింది దాచిపెడితే సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలుంది. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయవచ్చు, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండానూ ఫిర్యాదు పెట్టవచ్చు.

అలాంటి ఫొటో బయటపడుతుందని భయపడే పిల్లలకు ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. అమెరికాలో తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థ 2023లో దీన్ని మొదలుపెట్టింది. ఫొటో ఫోను దాటి పోదు. దాన్ని అక్కడికక్కడే ఒక పొడవాటి సంఖ్యగా మారుస్తారు, ఆ సంఖ్య నుంచి ఫొటోను తిరిగి రాబట్టడం కుదరదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటివి తమ దగ్గరకొచ్చే చిత్రాలకూ అదే లెక్క కట్టి, సంఖ్య సరిపోతే ఆపేస్తాయి. వాట్సాప్ సంభాషణలు తాళం వేసి ఉంటాయి గనక అక్కడ ఇది పనిచేయదు.

అక్కడ మిగిలిన దారి గ్రూపు అడ్మిన్. ‘ఎవడో పెట్టినదానికి అడ్మిన్‌నని నన్ను పట్టుకుంటారా సార్?’ అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. పట్టుకోరు. సభ్యుడు పెట్టినదానికి అడ్మిన్ నేరస్థుడు కాడని బాంబే హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. అదే 2022లో వాట్సాప్, సభ్యుల్లో ఎవరు పెట్టిన మెసేజీనైనా అందరి ఫోన్లలోంచీ తీసేసే వీలు అడ్మిన్‌లకు ఇచ్చింది. అప్పటికే సేవ్ అయిన కాపీలు పోవు కాబట్టి ఆ పని మొదటి నిమిషాల్లోనే జరగాలి. తరగతి గ్రూపుకు అడ్మిన్ ఎవరో, ఆ మీట ఎక్కడుందో వాళ్లకు తెలుసో లేదో క్లాస్ టీచరు జూన్‌లోనే అడిగి ఉంచుకోవడం మంచిది.