మైపాడు ఎదురెండలో కెనాన్

ఆదివారం తెల్లారకముందే నెల్లూరు నుంచి కార్లు ఇందుకూరుపేట మీదుగా మైపాడు దారి పడతాయి. పెళ్లికి ముందు ఫొటోలు దిగే జంట ఒక కారులో, స్టాండ్లూ రిఫ్లెక్టర్లూ మరో కారులో. పొద్దు సముద్రంలోంచి పైకొచ్చాక పనికొచ్చే మెత్తని వెలుతురు కాసేపే ఉంటుంది. ఎండ గట్టిపడగానే పెళ్లికూతురు చీర మార్చుకోవడానికి వెళుతుంది, ఫొటోగ్రాఫర్లు టీ బంకు దగ్గర చేరతారు. గోల అక్కడ మొదలవుతుంది.

"ఏందన్నా, ఇంకా కెనానేనా? సోనీకి మారలా?"

జిల్లాలో ఏ స్టూడియోకి వెళ్లినా ఈ ప్రశ్న ఏళ్ల తరబడి నలుగుతూనే ఉంది. పోటీ కంపెనీలు ఇచ్చే సౌకర్యాలు ఇవ్వడంలో కెనాన్ వెనకబడిందా? వెనకబడింది. అయితే ఎప్పుడు, ఎందులో అన్నది చూడకుండా కెమెరా అమ్ముకుంటే నష్టపోయేది మనమే.

ఒకప్పుడు దారి చూపింది కెనానే. 2008లో వచ్చిన 5డీ మార్క్ 2 ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ మీద ఫుల్ హెచ్‌డీ వీడియో ఇచ్చింది. రామ్ గోపాల్ వర్మ 2011లో ‘దొంగల ముఠా’ను ఐదు రోజుల్లో తీసింది కెనాన్ 5డీ కెమెరాలతోనే. సినిమా సంగతి పక్కన పెడదాం, కానీ మన పెళ్లి వీడియోవాళ్లకు ఆ కబురు బాగా పనిచేసింది. భుజాన మోసే వీడియో కెమెరా, దానికో లైటు, ఆ లైటు పట్టుకునే కుర్రాడు, ఇవన్నీ క్రమంగా మండపం దిగిపోయాయి.

5డీ మార్క్ 2 వచ్చిన నాలుగేళ్లకే కథ తిరగబడింది. మైపాడులో పొద్దున పూట సముద్రం వైపు కెమెరా పెడితే సూర్యుడు జంట వెనకే ఉంటాడు. ఆకాశం తెల్లబోకుండా తీస్తే ముఖాలు నల్లగా వస్తాయి, వాటిని కంప్యూటర్లో తేటపరచాలి. 5డీ మార్క్ 2, మార్క్ 3 ఫైళ్లలో ఆ పని చేసినవాళ్లకు నీడల్లో తేలే చారలు బాగా తెలుసు. 2012లో మార్క్ 3తో పాటే వచ్చిన నైకాన్ డీ800లో ఆ బాధ లేదు. దాని 36 మెగాపిక్సెళ్ల సెన్సర్ సోనీ తయారీ. వెలుతురును అంకెలుగా మార్చే సర్క్యూట్‌ను సోనీ సెన్సర్ మీదే పెట్టింది. కెనాన్ తన సెన్సర్లు తానే చేసుకుంటుంది, వాటిలో ఆ సర్క్యూట్ సెన్సర్ బయట ఉండేది. సిగ్నల్ అక్కడిదాకా ప్రయాణించేలోపు నాయిస్ చేరేది. 2016లో 5డీ మార్క్ 4తో కెనాన్ దీన్ని సరిదిద్దుకుంది. మరుసటి ఏడాదే 6డీ మార్క్ 2లో మళ్లీ జారింది, పైగా అందులో 4కే వీడియో కూడా లేదు.

సెన్సర్ వెనకబాటును నేను క్షమిస్తాను, అది ఇంజినీరింగ్ సమస్య. ఇవ్వగలిగిందాన్ని ఇవ్వకపోవడం వేరు. 5డీ మార్క్ 4 4కే ఇచ్చింది గానీ ఫ్రేమును 1.7 రెట్లకు పైగా కోసేసింది. ఇరుకు మండపంలో వెడల్పు లెన్స్ కూడా వెడల్పు కాకుండా పోయింది. 2019లో వచ్చిన 90డీలో ఏకంగా సెకనుకు 24 ఫ్రేముల వేగమే లేదు. దశాబ్దాలుగా సినిమా నడుస్తున్న వేగం అది! గొడవయ్యాక ఫర్మ్‌వేర్ రూపంలో ఇచ్చారు. విందుకు పిలిచి గారెలు లోపలింట్లో దాచిపెట్టినట్టు. ఖరీదైన సినిమా కెమెరాల వరుస ఒకటి అమ్ముతున్న కంపెనీ, చవక కెమెరాల చేతులు కట్టేసిందని చాలామంది అనుమానం. నా అనుమానమూ అదే.

2018లో దెబ్బ గట్టిగా తగిలింది. ఆ ఏడాది సోనీ ఏ7 3 రెండు కార్డు స్లాట్లతో, చేతి వణుకును బాడీలోనే సర్దుకునే ఏర్పాటుతో, కత్తిరింపు లేని 4కేతో వచ్చింది. అదే ఏడాది కెనాన్ తన తొలి ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ ఈఓఎస్ ఆర్‌ను ఒకే కార్డు స్లాటుతో తెచ్చింది. వణుకు ఏర్పాటు లేదు, 4కేకి కత్తిరింపు తప్పలేదు. అప్పుడు సోనీకి మారినవాళ్లను తప్పుపట్టలేం. కార్డు పాడైందని తాళి మళ్లీ కట్టించలేం కదా.

అయితే ఆ ఈఓఎస్ ఆర్‌లో ఒక చిన్న పని ఉంది, దాన్ని ఎవరూ పోలిక పట్టికలో రాయరు. కెమెరా ఆపగానే షట్టర్ మూసుకుని సెన్సర్‌ను కప్పేస్తుంది. ఉప్పుగాలీ ఇసుకా ఎగిరే మైపాడులో లెన్స్ మార్చేవాడికి దాని విలువ తెలుసు. ఏ7 3లో అది లేదు. ఏ7 వరుసకు అది వచ్చింది 2021లో, ఏ7 4తో. చర్మం రంగు విషయంలోనూ పాత సోనీలు మన చామనఛాయను కొంచెం పచ్చగా చూపిస్తే, కెనాన్ ఫైలు పెద్దగా దిద్దకుండానే ఆల్బమ్‌కు వెళ్లేది.

2020లో ఆర్5, ఆర్6 వచ్చాక లెక్క సరిపోయింది. ఆర్5లో 8కే వీడియో, రెండింటిలోనూ రెండు స్లాట్లు, వణుకు ఏర్పాటు, పక్షి కన్ను పట్టే ఫోకస్, అన్నీ ఉన్నాయి. నేలపట్టు గూడబాతుల కోసం వెళ్లేవాళ్లకు ఆ చివరిది వరమే. ఆర్5లో 8కే ఇరవై నిమిషాలకు వేడెక్కుతుందని కంపెనీయే చెప్పింది. అదీ 23 డిగ్రీల దగ్గర. రోహిణి కార్తెలో నెల్లూరు సంగతి చెప్పక్కర్లేదు. మరోపక్క సోనీ ఏ9 3 ఫ్రేమంతటినీ ఒక్క క్షణంలో చదివే గ్లోబల్ షట్టర్‌తో 2023లో ముందుకు దూకింది. గొప్పదే. కానీ తలంబ్రాలు తీయడానికి దాని అవసరం ఎంత?

ఇంత జరిగినా, మార్చుకునే లెన్సుల డిజిటల్ కెమెరాల్లో 2003 నుంచి 2023 దాకా వరసగా 21 ఏళ్లు ప్రపంచంలో తానే మొదటి స్థానమని కెనాన్ ప్రకటించుకుంది. పాత లెన్సులు చేతిలో ఉండటం, వాడకం అలవాటు కావడం, సెకండ్ హ్యాండ్‌లో సరుకు సులువుగా దొరకడం, అమ్మకాలు నిలబడటానికి ఇవి చాలు.

మధ్యతరగతి ఫొటోగ్రాఫర్‌కు కెనాన్ నిజంగా వెనకబడింది ఇప్పుడు లెన్సుల దగ్గర. సోనీ మౌంటుకు సిగ్మా, టామ్రాన్ చవక లెన్సులు వరసగా చేశాయి. 2018లో వచ్చిన టామ్రాన్ 28-75 ఎఫ్2.8 ఒక్కటే ఎంతమంది చేత సోనీ కొనిపించిందో! కెనాన్ తన మిర్రర్‌లెస్‌ల ఆర్ఎఫ్ మౌంటు తలుపు మూసిపెట్టుకుంది. 2024లో ఆ రెండు కంపెనీలకూ చిన్న సెన్సర్ కెమెరాల లెన్సుల వరకే దారి ఇచ్చింది. అదే ఏడాది తన సొంత 28-70 ఎఫ్2.8ను కాస్త తేలిక ధరలో తెచ్చింది, ఆరేళ్లు ఆలస్యంగా.

పెట్టెనిండా పాత ఈఎఫ్ లెన్సులున్నవాళ్లు అడాప్టర్ తగిలించుకుని కెనాన్‌లోనే ఉండండి, అవి చక్కగా పనిచేస్తాయి. అప్పు చేసి ఈ వృత్తిలోకి కొత్తగా దిగే తమ్ముళ్లు బాడీ కంటే ముందు మూడు లెన్సుల ధరలు కాగితం మీద వేసుకోండి. ఆ లెక్కలో ఈరోజుకి సోనీయే గెలుస్తుంది. ఏది కొన్నా, ఒక్క కార్డు స్లాటు ఉన్న కెమెరాను మాత్రం ముహూర్తానికి తీసుకెళ్లకండి.