కెపాసిటర్ పెట్టినా మోటారు ఎందుకు కాలింది?

మార్చిలో మా బాబాయ్ ఫోన్ చేశాడు. "ఒరేయ్, మోటారు మళ్లీ కాలిపోయిందిరా. నువ్వు బీటెక్ కదా, కాస్త చూడు" అన్నాడు. నేను చదివింది కంప్యూటర్స్ అంటే వినడే! నెలన్నరలో ఇది రెండోసారి. వరి పొట్ట మీద ఉంది, నీళ్లు ఆగితే పంట పోయినట్టే. మొదటిసారి మెకానిక్ రీవైండింగ్ చేసి, పవర్ ఫ్యాక్టర్ బాలేదని కెపాసిటర్ కూడా పెట్టి వెళ్లాడు. మరి మళ్లీ ఎందుకు కాలింది?

మోటారు తీసుకునే కరెంటులో కొంత నీళ్లు తోడుతుంది, కొంత అయస్కాంత క్షేత్రం కోసం లైన్‌లో అటూ ఇటూ తిరుగుతుంటుంది. ఆ రెండో దాంట్లో కొంత కెపాసిటర్ పక్కనుంచే ఇస్తుంది. 5 హెచ్‌పీ బోరు మోటారు 0.8 పవర్ ఫ్యాక్టర్‌తో సుమారు 8.7 ఆంపియర్లు లాగుతోంది అనుకోండి. 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెడితే లైన్‌లో అది 7.4కి దిగుతుంది. లైన్‌కి మంచిదే. కానీ మోటారు వైండింగ్‌లో పారే కరెంటు దాదాపు అంతే ఉంటుంది.

అసలు దొంగ వేరే. కొత్తగా చుట్టిన మోటారు దించాక మల్టీమీటర్‌తో చూస్తే ఫేజుల మధ్య 412, 396, 392 వోల్టులు. సగటు 400, ఎక్కువ తేడా 12, అంటే 3 శాతం. ఇంతేనా అనిపించింది. టాంగ్ టెస్టర్ మోటారు వైర్లకి తగిలిస్తే 10.2, 8.6, 7.0 ఆంపియర్లు! తేడా 18 శాతం పైనే.

ఎందుకంటే మూడు ఫేజులూ సమానంగా లేకపోతే మోటారు లోపల ఉల్టా తిరిగే చిన్న అయస్కాంత క్షేత్రం కూడా పుడుతుంది. దాని లెక్కలో మోటారు ఇంకా స్టార్టింగ్‌లో ఉన్నట్టే. స్టార్టింగ్‌లో ఆరు రెట్లు కరెంటు లాగుతుంది కదా, అలా 1 శాతం వోల్టేజ్ తేడా 6 శాతం కరెంటు తేడా అవుతుంది. వేడి ఎంత పెరుగుతుందో చెప్పే మోటు లెక్క: తేడా శాతాన్ని వర్గం చేసి రెట్టింపు చేయండి. 3 శాతానికి 18, 5 శాతానికి 50! వైండింగ్ 10 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే ఇన్సులేషన్ ఆయుష్షు సగమైపోతుందని అంచనా. ఇక ఒక ఫ్యూజు పూర్తిగా పోతే తిరుగుతున్న మోటారు ఆగదు, మిగతా రెండు ఫేజుల మీద మూలుగుతూ నడిచి మాడిపోతుంది. సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ ఉండేది అందుకే.

తప్పు మోటారుదా, లైన్‌దా? దీనికో చిట్కా ఉంది. మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్‌తో మూడు వైర్లనూ ఒక్కో స్థానం ముందుకి జరిపించండి. మూడూ కలిసి జరిగితే మోటారు తిరిగే దిక్కు మారదు. ఎక్కువ కరెంటు మోటారు వైరుతో పాటే వెళ్తే లోపం మోటారులోనో కేబుల్‌లోనో ఉన్నట్టు. అదే సప్లై ఫేజు దగ్గరే ఉండిపోతే లైన్‌లో ఉన్నట్టు.

మాకు లైన్ దగ్గరే ఉండిపోయింది. లైన్‌మన్ వచ్చి చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర బి ఫేజు జంపర్ వదులై నల్లగా మాడి ఉంది. సప్లై ఆపి కొత్తది వేశాక వోల్టేజ్ తేడా 1 శాతం లోపుకి వచ్చింది. కెపాసిటర్ మాత్రం తీయలేదు. దాని పని అది చేస్తోందిగా! ఒక మడి ఎండిపోయింది, మిగతా వరి దక్కింది.