గణిత పరిశోధనమున గురుశిష్యులు

ఎమ్మెస్సీ గణితము ముగించిన మన పూర్వవిద్యార్థుల తలిదండ్రులు మమ్ము తఱచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. "పిల్ల ఇంకను అయిదేండ్లు చదువుదుననుచున్నది. చుక్కలు పెట్టి గీతలు గీయుటయట. దానికొక గురువు కూడ కావలెనట. అయ్యవారూ, ఇదేమి చదువు?" పెండ్లీడు వచ్చిన పిల్లనో, మిల్లులో ఉద్యోగము సిద్ధముగానున్న పిల్లవానినో తలచుకొని అడుగు ప్రశ్న గనుక దీనిని తేలికగా త్రోసివేయరాదు. వాకిట నిలబడి చెప్పదగిన సమాధానమును కాదు. కావున ఇచట కొంత విపులముగా వ్రాయుచున్నాము.

ఇంటర్మీడియట్‌లో ప్రస్తారములు, సంయోగములు అను పాఠము చదివినవారికి ఈ శాస్త్రపు మొదలు తెలిసినదే. ఇన్ని వస్తువులను ఈ నియమమునకు లోబడి అమర్చుట సాధ్యమా, సాధ్యమైనచో ఎన్ని విధముల అని విచారించునది కాంబినేటోరిక్స్. వస్తువులను చుక్కలుగను, వాని నడుమ సంబంధములను గీతలుగను వ్రాసికొని విచారించునది గ్రాఫ్ థియరీ. కోనిగ్స్‌బర్గు నగరపు ఏడు వంతెనలను ఒక్కొక్కదానిని ఒకేమాఱు దాటి తిరుగుట సాధ్యము కాదని 1736లో ఆయిలర్ వ్రాసిన వ్యాసముతో ఇది ఆరంభమైనదందురు. మన వాకిళ్ళలోని మెలికల ముగ్గును కూడ ఈ కంటితో చూడవచ్చును. మద్రాసు క్రిస్టియన్ కళాశాల ఆచార్యులు గిఫ్ట్ శిరోమణిగారు సహచరులతో కలసి 1974లో ముగ్గులను గూర్చియే శాస్త్రవ్యాసము ప్రకటించిరి.

మఱి గురువు చేయునదేమి? పెండ్లిపందిటిలో ఆరుగురు కూర్చుండిరనుకొనుడు. వారిలో ఒకరినొకరు ఎఱిగిన ముగ్గురు గాని, ఒకరినొకరు ఎఱుగని ముగ్గురు గాని తప్పక ఉందురు. ఎందుచేత? మంచి గురువు వెంటనే చెప్పడు. "ముందు అయిదుగురితో చూడుము" అనును. శిష్యుడు అయిదుగురిని వలయముగా కూర్చుండబెట్టి, ప్రతివానికి ఇరుప్రక్కలవారు మాత్రమే తెలియుదురనుకొనినచో నియమము తప్పుచున్నదని కనుగొనును. ఆరవవాని అవసరము అప్పుడు తెలియును. అంతట ఆరుగురిలో ఒకనిని పట్టుకొనును. మిగిలిన అయిదుగురిలో అతడెఱిగినవారైన, ఎఱుగనివారైన కనీసము ముగ్గురుండవలెను. ఎఱిగినవారే ముగ్గురనుకొందము. ఆ ముగ్గురిలో ఏ ఇద్దఱికైన పరిచయమున్నచో మొదటివానితో కలసి ముగ్గురైరి. ఎవరికిని లేనిచో ఆ ముగ్గురే పరస్పరము ఎఱుగనివారు. ఎఱుగనివారే ముగ్గురైనను వాదమిట్లే నడచును. కాగితము, పెన్సిలు చాలును. ఎనిమిదవ తరగతి పిల్లలకు అందును.

ముగ్గురికి బదులు నలుగురు కావలెనన్నచో పందిటిలో 18 మంది ఉండవలెను. దీనిని గ్రీన్‌వుడ్, గ్లీసన్ అనువారు 1955లో ప్రకటించిరి. అయిదుగురు కావలెనన్నచో? 43కు తక్కువ గాదు, 46కు మించదు అనునంత వఱకే నేటికి తెలిసినది. ప్రశ్న ఒక్కటే. మొదటి మెట్టు పిల్లల ఆట, రెండవది పండితుల పని, మూడవది కంప్యూటర్లకును పూర్తిగా లొంగనిది. ఏ శిష్యునికి ఏ లోతు తగునో ఎఱుగుటయే ఇచట గురుత్వము. బావిలో ఈత నేర్పువాడు నడుమునకు బెండు కట్టి దింపును, తగిన సమయమున విప్పును. మొదటినాడే నడిబావిలో త్రోయువాడును, ఏండ్లు గడచినను బెండు విప్పనివాడును మా దృష్టిలో గురువులు కారు.

మన భాషవారిలో సి. ఆర్. రావుగారి జీవితము దీనికి గొప్ప నిదర్శనము. వారు 1920లో, నేటి కర్ణాటకమునందలి హూవిన హడగలిలో, తెలుగు కుటుంబమున జన్మించిరి. తండ్రి సి. డి. నాయుడుగారు పోలీసు ఇన్‌స్పెక్టరు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివి, ఉద్యోగము వెదకుచు కలకత్తా పోయి, 1941 జనవరిలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటున చేరిరి. అచట కాంబినేటోరిక్స్‌లో ఉద్దండులైన ఆర్. సి. బోసు గారి సాంగత్యము లభించినది. ఆ కాలపు ఆలోచనలే పండి 1947లో ఆర్థోగొనల్ అర్రేలు అను అమరికలైనవి. వీనిని మన కోయంబత్తూరు ప్రత్తిరైతు భాషలో చెప్పుదుము. విత్తనము, ఎరువు, నీరు, మొక్కల ఎడము, ఈ నాలుగింటిని మూడేసి విధములుగా మార్చి అన్నిటిని పరీక్షింపవలెనన్న 81 మళ్ళు కావలెను. ఒకదాని ప్రభావము మఱొకదానిపై ఆధారపడదనుకొనినచో, ఇట్టి అమరికతో 9 మళ్ళు చాలును; ఏ రెండింటిని తీసికొన్నను వాని విధములన్నియు ఒక్కొక్కమాఱు జతపడును. జపానులో తగుచి ఇట్టి అమరికలనే కర్మాగారములలో వాడుకలోనికి తెచ్చెను. చుక్కలు, గీతలు కూడు పెట్టునా అనువారు దీనిని ఆలోచింతురు గాక.

రావుగారు తాము గురువైన పిదప మఱొక విశేషము జరిగినది. కలకత్తాలో పాఠము చెప్పుచుండగా, పెద్ద నమూనాలకు చెప్పిన ఫలితము చిన్నవానికిని చెల్లునా అని దండేకర్ అను విద్యార్థి అడిగెను. గురువు ఆ రాత్రి కూర్చుండి సాధించి, మఱునాడు తరగతిలో చూపెను. 1945లో అచ్చయిన ఆ ఫలితము నేడు క్రామర్–రావు అసమానతగా ప్రసిద్ధము. ఇది సంఖ్యాశాస్త్రమునకు చెందినదైనను, శిష్యుని ప్రశ్నకు గురువు విలువనిచ్చిన విధమును జూడుడు. 2007లో ఆబెల్ బహుమానము పొందిన వరదన్ గారు వారి శిష్యులే. 2023లో, నూటరెండేండ్ల వయస్సున రావుగారు కీర్తిశేషులైరి. అన్నిటికంటె తలిదండ్రులకు చెప్పవలసినది: బాల్యమున తెల్లవారుజామున 4 గంటలకు లేపి, నూనెదీపము వెలిగించి చదువుకు కూర్చుండబెట్టిన తల్లి లక్ష్మీకాంతమ్మగారిని వారు తమ గ్రంథపు అంకితమున స్మరించిరి.

ఇట్టి గురువులకై దూరము పోనక్కఱలేదు. మదురై నుండి రాజపాళయము పోవు దారిలో, శ్రీవిల్లిపుత్తూరు సమీపమున కృష్ణన్‌కోయిల్ కలదు. అచటి కలశలింగం సంస్థ నుండి 2004 మొదలు గ్రాఫ్ థియరీకి అంతర్జాతీయ పత్రిక వెలువడుచున్నది. ఆచార్య ఎస్. అరుముగంగారి నాయకత్వమున అచట ఈ శాస్త్రమునకు ప్రత్యేక పరిశోధన కేంద్రమును ఏర్పడినది. రాజపాళయమున బంధువులున్నవారు బస్సు కిటికీ నుండి ఆ ఆవరణను చూచియే యుందురు.

ఇక ధనము మాట. సి.ఎస్.ఐ.ఆర్. పరీక్షలో జూనియర్ ఫెలోషిప్పు పొందినవారికి 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలు నిర్ణయింపబడినవి. గురువును ఎంచుకొనునపుడు ఆయన పేరుప్రతిష్ఠలతో పాటు, ఇప్పుడాయన యొద్ద ఎందఱున్నారు, ఇంతకుముందెందఱు ముగించిరి, వారమునకెన్నిసార్లు శిష్యులతో కూర్చుండును అని విచారింపుడు. 2022 నాటి యు.జి.సి. నియమముల ప్రకారము ప్రొఫెసరు ఒకే సమయమున 8 మందికి, అసోసియేటు ప్రొఫెసరు 6 మందికి, అసిస్టెంటు ప్రొఫెసరు 4 మందికి మించి గురువుగా ఉండరాదు. సొమ్ము తీసికొని ఏది పంపినను అచ్చువేయు పత్రికలకు శిష్యులను త్రోలువారిని దూరమునుంచుడు. పిల్లలను మాత్రము "ఈ నెల ఏమి సాధించితివి" అని అడుగకుడు. ఏడాది గడచినను ఏమియు తేలకపోవుట ఈ పనిలో సామాన్యము. "ఇపుడు దేనిని ప్రయత్నించుచున్నావు, మాకు తెలుగులో చెప్పుము" అని అడుగుడు. చెప్పబోయి తడబడినచోట తన చిక్కెచటనున్నదో తమకే తెలియును.