వంశావళులు వ్రాసినవారి ఇంటిపేరు ఏమైంది?

(తృతీయ బి.యస్సీ. విద్యార్థి)

'ఫోర్బ్స్' అనే పేరు వినని విద్యార్థి మన కాలేజీలో ఉండడు. ఏటేటా ప్రపంచ కుబేరుల జాబితా ప్రకటించే అమెరికన్ పత్రిక పేరది. 1917లో ఆ పత్రికను స్థాపించిన బి.సి. ఫోర్బ్స్ స్కాట్లండులోని అబర్డీన్‌షైర్ నుంచి అమెరికా చేరుకున్న మనిషి. అందుచేత ఫోర్బ్స్ అంటే స్కాట్లండు ఇంటిపేరని లోకం అనుకుంటుంది. చాలావరకు అది నిజమే. కాని ఐర్లండు దేశపు పడమటి భాగంలో, కానాట్ ప్రాంతంలో, ఫోర్బ్స్ అని చలామణి అయ్యే కుటుంబాల్లో కొన్నిటికి స్కాట్లండుతో ఏ చుట్టరికమూ లేదు. వారి అసలు ఇంటిపేరు వేరు. గేలిక్ భాషలో అది 'మాక్ ఇర్విషీ'. ఈనాడు ఆ అసలు రూపంలో పేరు పెట్టుకున్నవారు వేళ్ళమీద లెక్కపెట్టదగినంత అరుదు.

అరుదైన ఇంటిపేర్లు ప్రపంచంలో చాలా ఉన్నాయి. మరి దీని గురించే ఎందుకు చెప్పుకోవాలి అంటారా? ఈ ఇంటివారి కులవృత్తే ఇతరుల వంశావళులు వ్రాయడం! ఊరందరి పేర్లూ పదిలంగా దాచిన వారి పేరు ఎలా మాసిపోయిందన్నదే ఈ వ్యాస విషయం.

పేరులోని అర్థం

యూరప్ దేశాల్లో వంశపారంపర్యంగా వచ్చే ఇంటిపేర్లు ముందుగా స్థిరపడిన చోట్లలో ఐర్లండు ఒకటి. 10వ శతాబ్దం నుంచి 12వ శతాబ్దం లోపల ఈ పద్ధతి అక్కడ వేళ్ళూనుకుంది. వారి ఇంటిపేర్లు ఎక్కువగా 'మాక్' అని గాని, 'ఓ' అని గాని మొదలవుతాయి. 'మాక్' అంటే కొడుకు. 'ఓ' అంటే మనుమడు లేక వంశజుడు. ఆ తరువాత వచ్చేది మూలపురుషుని పేరు.

మాక్ ఇర్విషీ వారి మూలపురుషుని పేరు 'ఫెర్ బిషిఖ్'. 'ఫెర్' అంటే మనిషి. రెండవ మాటకు వృద్ధి, అభివృద్ధి అని అర్థం. అంటే 'వృద్ధిగల మనిషి' అన్నమాట. ఈ మాట ఐరిష్ భాషలో ఇప్పటికీ సజీవంగా ఉంది. జబ్బుపడ్డ మనిషి కోలుకుంటే ఆ మాటే వాడతారు. ఒక రోజు అదనంగా వచ్చే లీపు సంవత్సరాన్ని కూడా 'వృద్ధి సంవత్సరం' అనే పిలుస్తారు.

ఇక్కడొక తిరకాసు ఉంది. మన భాషలో సంధి జరిగినప్పుడు అక్షరాలు మారినట్టే, గేలిక్‌లో 'మాక్' పక్కన చేరిన పేరు మొదటి అక్షరం మెత్తబడుతుంది. వ్రాతలో 'ఎఫ్' పక్కన 'హెచ్' చేరుస్తారు. అలా చేరిస్తే ఆ రెండూ పలకవు. 'బి' పక్కన 'హెచ్' చేరిస్తే 'వ' అని పలుకుతుంది. అందుకే కాగితం మీద 'ఫిర్బిసి' లాగా కనిపించే పేరు నోట్లో 'ఇర్విషీ' అవుతుంది. చూసి వ్రాసేవాడికి ఒక పేరు, విని వ్రాసేవాడికి ఇంకో పేరు! ముందు ముందు జరిగిన గందరగోళానికి విత్తనం ఇక్కడే పడింది.

కరణాల వంటి వారు

స్లైగో జిల్లా పడమటి అంచున, సముద్రాన్ని ఆనుకుని 'టిరీరా' అనే సీమ ఉంది. దానికి ఓ దౌదా వంశం వారు ప్రభువులు. మాక్ ఇర్విషీ వారు ఆ ప్రభువుల ఆస్థాన చరిత్రకారులు. లెకాన్ అనే ఊరు వారి నివాసం. 1279లో గిల్లా ఈసా మోర్ మాక్ ఇర్విషీ అనే ఆస్థాన పండితుడు మరణించినట్లు అక్కడి ప్రాచీన వార్షిక చరిత్రలు పేర్కొన్నాయి.

వంశావళి అంటే కాలక్షేపానికి వ్రాసుకునే పురాణం అనుకోకూడదు. గేలిక్ చట్టం ప్రకారం ఒకే ముత్తాత సంతతివారైన దాయాదులందరికీ భూమి మీద హక్కు ఉండేది. పెద్దరికానికి ఎవడు అర్హుడో నిర్ణయించేది కూడా ఆ లెక్కే. కాబట్టి ఎవడు ఎవరి కొడుకో, ఏ శాఖ ఎక్కడ చీలిందో తప్పులేకుండా తెలియాలి. భూమి ఉన్న కుటుంబంలో పుట్టిన నాకు ఈ సంగతి చదవగానే ఇట్టే బోధపడింది. మన రాష్ట్రంలో 1984లో రద్దయ్యేదాకా ఊరి కరణం చేతిలో ఉన్న దస్తరానికి ఎంత విలువో, అక్కడ ఆ వంశావళి పుస్తకానికి అంత విలువ. పుస్తకంలో పేరు లేనివాడికి పొలంలో చోటు లేదు.

అంతేకాదు. కొత్త ప్రభువును గద్దె ఎక్కించేటప్పుడు మాక్ ఇర్విషీ వారు లేనిదే పని జరిగేది కాదు. ప్రభువు తల మీదుగా అధికార దండాన్ని తిప్పేది వారే. ఓ కీవాన్ అనే ఇంకొక వంశం వారూ, మాక్ ఇర్విషీ వారూ 'ఓ దౌదా' అన్న పేరు నోటితో పలికేదాకా మరెవ్వరూ ఆ పేరుతో అతన్ని పిలవరాదని కట్టడి. ఒక మనిషికి పేరుతోపాటు పదవినీ ఇచ్చే హక్కు ఈ ఇంటివారిది!

పుస్తకాలే ఆస్తి

ఈ కుటుంబం ఐర్లండుకు ఇచ్చిన పుస్తకాలు సామాన్యమైనవి కావు. 'లెకాన్ పసుపు గ్రంథం' 14వ శతాబ్దం చివర మొదలయింది. అది ఇప్పుడు డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో ఉంది. రెండవది 'లెకాన్ మహాగ్రంథం'. గిల్లా ఈసా మోర్ అనే పేరే గల మరొక పండితుడు, తన శిష్యుల సాయంతో, 1397కూ 1418కూ మధ్య దాన్ని సిద్ధం చేశాడు. ఆ గ్రంథం తరువాత చేతులు మారి, పారిస్ దాకా ప్రయాణించి, 1787లో డబ్లిన్‌లోని రాయల్ ఐరిష్ అకాడమీకి తిరిగి వచ్చింది.

ఈ పరంపరలో చివరి మహాపండితుడు దువల్తాఖ్ మాక్ ఇర్విషీ. సుమారు 1600 ప్రాంతంలో పుట్టాడు. అతడు పెద్దవాడయ్యేసరికి కాలం తలక్రిందులైంది. ఇంగ్లీషు ప్రభుత్వం గేలిక్ వారసత్వ చట్టాన్ని కొట్టివేసింది. 1649లో క్రాంవెల్ సైన్యం దిగింది. 1652లో వచ్చిన చట్టంతో భూములు పెద్దఎత్తున జప్తు అయ్యాయి. ప్రభువులే భూమి పోగొట్టుకున్న తరువాత వారి చరిత్రకారుణ్ణి పోషించేదెవరు?

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1649-50లలో, ప్లేగు సోకిన గాల్వే పట్టణంలో కూర్చుని దువల్తాఖ్ తన 'వంశావళుల గ్రంథం' వ్రాశాడు. పాత తాళపత్రాలు కాలిపోతుంటే నకలు తీసుకునే మనిషి ఎలా తొందరపడతాడో అలా వ్రాశాడేమో అనిపిస్తుంది. ఐర్లండు వంశాలన్నిటివీ, వచ్చి స్థిరపడిన పరాయివారివీ, చివరకు తన ఇంటివారివీ వంశవృక్షాలు అందులో చేర్చాడు. 1665-66లలో డబ్లిన్‌లో సర్ జేమ్స్ వేర్ అనే పండితుని వద్ద ఐరిష్ గ్రంథాలను ఇంగ్లీషులోకి అనువదించే పని చేశాడు. వేర్ చనిపోవడంతో ఆ ఆధారమూ పోయింది. తిరిగి సొంత సీమకు చేరుకున్నాడు. 1671 జనవరిలో స్లైగో జిల్లాలోని డూన్‌ఫ్లిన్ అనే చోట హత్యకు గురయ్యాడు. అప్పటికి అతనికి డెబ్బయ్యేళ్ళు ఉంటాయి.

పేరు ఎలా మారింది?

1465లోనే ఇంగ్లీషు ప్రభుత్వం ఒక శాసనం చేసింది. డబ్లిన్ చుట్టుపక్కల తమ ఏలుబడిలో ఉన్న ఐరిష్ వారు ఊరి పేరో, రంగు పేరో, వృత్తి పేరో ఇంగ్లీషులో ఇంటిపేరుగా పెట్టుకోవాలని దాని సారాంశం. ఆ శాసనం దూరాన ఉన్న స్లైగో దాకా రాలేదు. కాని 17వ శతాబ్దంలో పన్నుల లెక్కలు, భూమి కాగితాలు, కోర్టు దస్తావేజులు అన్నీ ఇంగ్లీషులోకి మారిపోయాయి. గుమాస్తాకు గేలిక్ రాదు. తనకు తెలిసిన పేర్లలో దగ్గరగా వినిపించేదేదో వ్రాసుకున్నాడు. దువల్తాఖ్‌ను 'డడ్లీ' చేశారు. ఇంటిపేరును ముందు 'ఫిర్బిస్' చేశారు. అప్పటికే ఐర్లండులో పలుకుబడి గల స్కాట్లండు ఫోర్బ్స్ కుటుంబం ఒకటి 1620 ప్రాంతంలో వచ్చి లాంగ్‌ఫర్డ్ జిల్లాలో స్థిరపడి ఉంది. 1684లో ఆ ఇంటికి గ్రనార్డ్ ఎర్ల్ పదవి కూడా దక్కింది. గుమాస్తాకు ఆ పేరు బాగా తెలుసు. ఇంకేముంది, 'ఫిర్బిస్' కాస్తా 'ఫోర్బ్స్' అయింది.

అరుదైన పేరు తన పోలిక గల ప్రసిద్ధమైన పేరులో కలిసిపోవడం ఐర్లండులో ఎన్నో వంశాలకు జరిగింది. ఇంటిపేర్ల చరిత్రలో అగ్రగణ్యుడైన ఎడ్వర్డ్ మాక్‌లైసాట్ (1887-1986) తన గ్రంథాల్లో ఇలాంటి ఉదాహరణలు అనేకం చూపించాడు. పిల్లకాలువ పెద్ద ఏట్లో కలిశాక ఏ నీరు ఎక్కడిదో ఎవరు చెప్పగలరు?

ఇంతకూ స్కాట్లండు ఫోర్బ్స్ పుట్టుక పూర్తిగా వేరు. అది మనిషి పేరు కాదు, ఊరి పేరు. అబర్డీన్‌షైర్‌లో డాన్ నది ఒడ్డున ఉన్న ఫోర్బ్స్ అనే భూములను బట్టి ఆ కుటుంబానికి ఆ పేరు వచ్చింది. పొలం, సీమ అనే అర్థం గల పాత మాట నుంచి ఆ ఊరిపేరు పుట్టిందని పండితులంటారు. ఒకటి పొలం నుంచి పుట్టిన పేరు, ఇంకొకటి వృద్ధి నుంచి పుట్టిన పేరు. రెండూ ఒకే అక్షరాల్లో ఇరుక్కున్నాయి.

ఇప్పుడు ఎక్కడున్నారు?

ఫోర్బ్స్ అనే పేరు నేడు స్కాట్లండు, ఇంగ్లండు, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాలన్నిటా ఉంది. జమైకా, బహామాస్ దీవుల్లోని నల్లజాతివారిలో కూడా ఉంది. బానిసత్వపు రోజుల్లో తోటల యజమానుల పేర్లు కూలీలకు అంటగట్టిన చరిత్ర ఆ దీవులది. అక్కడ ఇంటిపేరు రక్తసంబంధాన్ని కాక, ఒకనాటి యాజమాన్యాన్ని చెబుతుంది.

ఇంత పెద్ద గుంపులో మాక్ ఇర్విషీ వారిని వెతకడం ఎలా? 1845లో మొదలైన బంగాళదుంప కరువులో ఐర్లండులో సుమారు పది లక్షలమంది చనిపోయారు. దాదాపు అంతమందే ఓడలెక్కి వలసపోయారు. కానాట్ ప్రాంతం ఆ కరువుకు బాగా దెబ్బతిన్నది. అమెరికాలో దిగినవాడి కాగితంలో 'ఫోర్బ్స్, ఐర్లండు' అని మాత్రమే ఉంటే అతడు స్లైగో వాడా, లాంగ్‌ఫర్డ్ వాడా తేలదు. దానికితోడు 1922లో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ భవనం అంతర్యుద్ధంలో తగలబడి, 19వ శతాబ్దపు జనాభా లెక్కల్లో మిగిలినవి చాలావరకు బూడిదయ్యాయి. 1847-64 మధ్య జరిగిన గ్రిఫిత్ భూమి విలువల సర్వే, 1901, 1911 జనాభా లెక్కలు మాత్రం ఇప్పుడు ఎవరైనా చూసుకునేందుకు అందుబాటులో ఉన్నాయి. ఏ ఊళ్ళో, ఏ పొలం పక్కన ఆ కుటుంబం ఉందో వాటివల్ల తెలుస్తుంది. పేరుకన్నా ఊరే నమ్మదగిన సాక్ష్యం.

సైన్సు ఏమంటుంది?

ఇక్కడ మన సబ్జెక్టు అక్కరకు వస్తుంది. తండ్రి నుంచి కొడుక్కి ఇంటిపేరు వచ్చినట్టే 'వై' క్రోమోజోము కూడా వస్తుంది. అందులో అప్పుడప్పుడు చిన్న మార్పులు జరుగుతుంటాయి. రెండు కుటుంబాల మార్పులను పోల్చితే వారి మగ పూర్వీకులు ఎంత దగ్గరివారో అంచనా కట్టవచ్చు. 2006లో ట్రినిటీ కాలేజీ శాస్త్రజ్ఞులు ఒక పరిశోధన ప్రకటించారు. ఐర్లండు వాయవ్య ప్రాంతపు మగవారిలో సుమారు ఐదింట ఒక వంతు మందికి ఒకే రకం 'వై' క్రోమోజోము ఉందని తేలింది. దాన్ని వారు 5వ శతాబ్దపు నియల్ అనే రాజు వంశంతో ముడిపెట్టారు. మాక్ ఇర్విషీ వారు తమ మూలపురుషునిగా చెప్పుకునే ఫియఖ్రా ఆ నియల్‌కు సోదరుడని వంశావళులు చెబుతాయి. అయితే ఆ రకం నియల్ కాలంకన్నా ముందుదేనని తరువాతి లెక్కలు చూపాయి. కనుక ఆ గుర్తు ఉన్నంత మాత్రాన రాజవంశీకుడని మురిసిపోవడానికి వీల్లేదు.

ఇంకొక చిన్న లెక్క చూడండి. ఇంటిపేరు పుట్టి 900 ఏళ్ళయిందనుకుందాం. తరానికి 30 ఏళ్ళ చొప్పున 30 తరాలు. దత్తత వల్లనో, తల్లి ఇంటిపేరు పెట్టుకోవడం వల్లనో, మరే కారణం చేతనో తరానికి నూటికి ఒకరికి మాత్రమే పేరుకూ క్రోమోజోముకూ లంకె తెగిందనుకున్నా, 30 తరాలయ్యేసరికి నూటికి 74 మందే మిగులుతారు. నూటికి ఇద్దరనుకుంటే 55 మందే. అంటే గుమాస్తా తప్పు చేయకపోయినా సరే, పేరు ఒక్కటే చూసి వంశం చెప్పడం సగం జూదం. క్రోమోజోము, ఊరు, కాగితం మూడూ ఒకే మాట చెప్పినప్పుడే నమ్మాలి.

ముగింపు

దువల్తాఖ్ గ్రంథం నాశనం కాలేదు. మూల ప్రతి ఇప్పుడు డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలో భద్రంగా ఉంది. నొల్లిగ్ ఓ మురీలె అనే పండితుడు దాన్ని పరిష్కరించి, ఇంగ్లీషు అనువాదంతో 2003-04లో అయిదు సంపుటాలుగా అచ్చు వేయించాడు. ఈనాడు ఐర్లండు మూలాలు వెతుక్కునే అమెరికా వాడైనా, ఆస్ట్రేలియా వాడైనా చివరకు దాని దగ్గరికి రావలసిందే. ఓ దౌదా వారికి ఆ సీమలో ప్రభుత్వం లేదు. మాక్ ఇర్విషీ వారికి ఆ పేరే దాదాపు లేదు. ఉన్నదల్లా కాగితం మీద సిరా.

మిత్రులారా, మనం కూడా అప్లికేషన్లు నింపేటప్పుడు ఇంటిపేరును ఒక్కో సర్టిఫికెట్టులో ఒక్కో స్పెల్లింగుతో వ్రాసి చేతులు దులుపుకుంటాం. తాతల పేర్లు మూడు తరాలకు మించి అడిగితే నీళ్ళు నములుతాం. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే ఆ పేర్లూ, ఆ ఊళ్ళూ అడిగి ఒక నోటుపుస్తకంలో వ్రాసి పెట్టుకుంటే పోయేదేమీ లేదు. ఊరంతటి పేర్లు వ్రాసిన ఇంటికే దక్కని భాగ్యం, ఎవరూ వ్రాయని ఇంటికి దక్కుతుందా?